ముప్పై ఆరు యూనిట్ల లెక్క

2020 మార్చి 18. కరోనా భయంతో దేశాలు ఒక్కొక్కటిగా తలుపులు మూసుకుంటున్న వారం. శాన్‌ఫ్రాన్సిస్కోలో జరగాల్సిన గేమ్ డెవలపర్ల సదస్సు వాయిదా పడింది. అక్కడ ఇవ్వాల్సిన ఉపన్యాసాన్ని సోనీ ఇంటర్నెట్‌లో ప్రసారం చేసింది. వక్త మార్క్ సెర్నీ. ప్లేస్టేషన్ 4కూ, అప్పటికింకా బయటికి రాని ప్లేస్టేషన్ 5కూ ప్రధాన రూపశిల్పి ఆయనే. దాదాపు గంటసేపు నిల్వ పరికరం గురించీ, శబ్దం గురించీ, మనిషి చెవి ఆకారం గురించీ ఓపిగ్గా వివరించాడు. వింటున్నవాళ్లలో చాలామంది ఎదురుచూసింది మాత్రం ఒక్క అంకె కోసం. ఆ అంకె 10.28.

అంతకు ఏడాది ముందు నుంచే ఆ అంకె మీద వాదాలు నడుస్తున్నాయి. 8 అన్నవాళ్లున్నారు, 9.2 అన్నవాళ్లున్నారు, 13 దాటుతుందని బల్లగుద్ది చెప్పినవాళ్లూ ఉన్నారు. ఎవరికి వాళ్లు తమకు లోపలి మనుషులు తెలుసన్నారు. ఇదంతా ఆటల పిచ్చి అని కొట్టిపారేస్తే మనం ఒక మంచి పాఠం పోగొట్టుకున్నట్టే. ఇంకా అమ్మకానికి రాని యంత్రం కడుపులో ఏముందో బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది? తెలిసినదాంట్లో ఏది నమ్మొచ్చు? ఈ ప్రశ్నలకు జవాబు చిప్‌ల తయారీలోనే ఉంది. పుకారుగా తిరిగే పట్టికలో పది గళ్లుంటే, ఆ పదింటికీ ఒకే గట్టిదనం ఉండదు. కొన్ని అంకెలు సిలికాన్‌లో చెక్కి ఉంటాయి. కొన్ని విడుదలకు రెండు మూడు నెలల ముందు కూడా మారతాయి. ఏది ఏ జాతిదో తెలుసుకోవడానికి హైస్కూలు గణితం చాలు.

ముందు ఆ 10.28 ఎలా వచ్చిందో చూద్దాం. టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల దశాంశ లెక్కలు. గ్రాఫిక్స్ చిప్‌లో లెక్కలు చేసే భాగాలను కంప్యూట్ యూనిట్లు అంటారు. ఏఎమ్‌డీ కంపెనీ చిప్‌లలో ఒక్కో యూనిట్‌లో 64 వరుసలు పక్కపక్కనే పనిచేస్తాయి. చిప్‌లోని గడియారం ఒక్కసారి కొట్టుకునే లోపల ప్రతి వరుసా ఒక గుణకారం, ఒక కూడిక, అంటే రెండు లెక్కలు చేస్తుంది. ప్లేస్టేషన్ 5లో 36 యూనిట్లున్నాయి. 36ను 64తో, దాన్ని 2తో గుణిస్తే 4,608. గడియారం సెకనుకు గరిష్ఠంగా 223 కోట్ల సార్లు, అంటే 2.23 గిగాహెర్ట్జ్ వేగంతో కొట్టుకుంటుంది. రెంటినీ గుణిస్తే 10.28 లక్షల కోట్లు. అదే ఏడాది వచ్చిన మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో 52 యూనిట్లు, వేగం 1.825 గిగాహెర్ట్జ్. అదే గుణకారం చేస్తే 12.15.

దీన్ని వరినాట్లతో పోల్చుకోవచ్చు. మడిలో దిగిన కూలీలు ఎంతమంది అన్నది యూనిట్ల సంఖ్య, వాళ్ల చేతివేగం గడియారం. యాభై ఇద్దరు నిదానంగా నాటినా, ముప్పై ఆరుగురు చకచకా నాటినా సాయంత్రానికి నాటిన చెక్క దాదాపు ఒకటే కావచ్చు. కానీ గట్టుమీది నుంచి నారు కట్టలు అందించే మనిషి వెనకబడితే ఎంతమంది దిగినా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడాల్సిందే. టెరాఫ్లాప్ అనేది కూలీలనూ చేతివేగాన్నీ మాత్రమే లెక్కబెడుతుంది. నారు అందే వేగం, అంటే మెమరీ నుంచి సమాచారం చేరే వేగం, అందులో లేదు.

ఫైలులో దొరికిన వేలిముద్రలు

ప్లేస్టేషన్ 5 మీద మొదటి జాడ 2019 జనవరిలో దొరికింది. ఏఎమ్‌డీ తన ప్రయోగ దశ చిప్‌లకు అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవాటి సంకేతం ఇస్తుంది. అలాంటి సంకేతం ఒకటి పరీక్షా ఫలితాల డేటాబేస్‌లో కనబడింది. దాని ముద్దుపేరు గొంజాలో. ఏప్రిల్‌లో దాని తర్వాతి రూపం వచ్చింది. అందులో 32/10/18 అనే వరుస ఉంది. ఏఎమ్‌డీ పేర్లు పెట్టే పద్ధతి తెలిసినవాళ్లు 32ను ప్రాసెసర్ గరిష్ఠ వేగం 3.2 గిగాహెర్ట్జ్‌గా, 18ని గ్రాఫిక్స్ వేగం 1.8 గిగాహెర్ట్జ్‌గా చదివారు. కన్సోల్‌లో, అంటే ఇలాంటి ఆటల యంత్రంలో, గ్రాఫిక్స్ అంత వేగంతో నడవడం అప్పటికి వినని సంగతి.

అసలు సంచలనం ఆ ఏడాది చివర్లో. ఏఎమ్‌డీ లోపలి పరీక్షల సమాచారమని చెప్పే ఫైళ్లు ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటులో బయటపడ్డాయి. అందులో ఓబెరాన్ అనే చిప్ ఉంది. ఆ చిప్‌ను మూడు రీతుల్లో నడిపి పరీక్షించారు. మొదటి రీతిలో 18 యూనిట్లు, 800 మెగాహెర్ట్జ్. రెండో రీతిలో 36 యూనిట్లు, 911 మెగాహెర్ట్జ్. మూడో రీతిలో 36 యూనిట్లు, 2,000 మెగాహెర్ట్జ్.

ఈ మూడు వరుసల దగ్గర కాసేపు ఆగాలి. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4లో సరిగ్గా 18 యూనిట్లు, 800 మెగాహెర్ట్జ్. 2016లో వచ్చిన ప్లేస్టేషన్ 4 ప్రోలో సరిగ్గా 36 యూనిట్లు, 911 మెగాహెర్ట్జ్. కొత్త చిప్‌ను పాత రెండు చిప్‌ల వేషంలో నడిపి చూడాల్సిన అవసరం ప్రపంచంలో ఒక్క సోనీకే ఉంది. కొత్త యంత్రంలో పాత ఆటలు ఆడాలి కదా. 800, 911 అనే అంకెలు ఆ ఫైలు మీద పడిన వేలిముద్రలు. చిప్ పేరు ఓబెరాన్ అయినా, ఇంకేదైనా, ఆ వేలిముద్రలు ఎవరివో సందేహించే పనిలేదు. పుకార్లలో ఇంత లోపలి సాక్ష్యం ఉన్నది నేను మరొకటి చూడలేదు.

మూడో వరుసను గుణిస్తే 36, 64, 2, 2.0 కలిసి 9.2 టెరాఫ్లాప్‌లు. సోనీ అభిమానులకు ఈ అంకె రుచించలేదు. ఎందుకంటే మైక్రోసాఫ్ట్ యంత్రం 12 దగ్గర ఉంటుందని అప్పటికే వదంతి. 2020 ఫిబ్రవరి 24న అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ ఆ 12ను అధికారికంగానే ప్రకటించాడు. ఓబెరాన్ ఫైళ్లు పాతవనీ, అసలు చిప్ వేరే ఉందనీ, యూనిట్లు 50 పైనే అనీ రకరకాల సమాధానాలు పుట్టాయి. ఇంకోవైపు, కన్సోల్ అంత చిన్న పెట్టెలో 2 గిగాహెర్ట్జ్ అసాధ్యమనీ, కాబట్టి 9.2 కూడా ఎక్కువేననీ కొందరన్నారు. అప్పుడు అంగట్లో ఉన్న ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 5700 ఎక్స్‌టీ కార్డు వేగం గరిష్ఠంగా 1.9 గిగాహెర్ట్జ్ కాబట్టి ఆ సందేహం అర్థంలేనిదేమీ కాదు.

చివరికి తేలిందేమిటి? యూనిట్లు 36 అన్నది అక్షరాలా నిజం. వేగం 2.0 కాదు, 2.23. గొంజాలోలో 1.8, ఓబెరాన్‌లో 2.0, ఉపన్యాసంలో 2.23. యూనిట్ల సంఖ్య ఒక్కసారి బయటపడ్డాక మళ్లీ కదల్లేదు, గడియారం మాత్రం జాడ జాడకూ పెరుగుతూ వచ్చింది. ఈ తేడాకు కారణం ఉంది.

చెక్కినవి, మార్చగలిగినవి

చిప్ రూపకల్పన పూర్తయ్యాక ఆ నమూనాను ఫ్యాక్టరీకి పంపే ఘట్టాన్ని ఆ రంగంలో టేప్ అవుట్ అంటారు. ఏఎమ్‌డీకీ ఎన్విడియాకీ హైదరాబాదులో ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అక్కడ పనిచేసేవాళ్లుంటే అడిగి చూడండి, ఆ మాటకున్న బరువు వాళ్లు చెబుతారు. టేప్ అవుట్ తర్వాత కాంతితో ట్రాన్సిస్టర్లను ముద్రించే మాస్కులు తయారవుతాయి. కంప్యూట్ యూనిట్లు ఎన్ని, మెమరీకి దారులు ఎన్ని అన్నది ఆ మాస్కుల్లో రేఖాచిత్రమై ఉంటుంది. ఒక్క యూనిట్ అదనంగా చేర్చాలన్నా నమూనా మళ్లీ గీయాలి, మళ్లీ సరిచూడాలి, కొత్త మాస్కులు చేయించాలి, ఫ్యాక్టరీలో మళ్లీ నెలలు వేచి ఉండాలి. అందుకే విడుదలకు ఏడాది ముందు పరీక్షల్లో కనబడిన యూనిట్ల సంఖ్య దాదాపు ఖాయం.

దాదాపు అనడంలో ఒక మెలిక ఉంది. ప్లేస్టేషన్ 5 చిప్‌లో చెక్కినవి 40 యూనిట్లు, వాడేవి 36. సిరీస్ ఎక్స్‌లో చెక్కినవి 56, వాడేవి 52. అంతకుముందు తరంలో ప్లేస్టేషన్ 4లో 20 చెక్కి 18 వాడారు, ఎక్స్‌బాక్స్ వన్‌లో 14 చెక్కి 12 వాడారు. మిగిలినవి పొరపాటున మిగిలినవి కావు. చిప్‌లు 300 మిల్లీమీటర్ల వ్యాసం గల గుండ్రటి సిలికాన్ పలకల మీద తయారవుతాయి. ప్లేస్టేషన్ 5 తొలి చిప్ వైశాల్యం దాదాపు 308 చదరపు మిల్లీమీటర్లు. అంచుల్లో సగం సగం పడేవి పోగా ఒక పలకకు సుమారు 190 చిప్‌లు వస్తాయి. పలక మీద అక్కడక్కడా సూక్ష్మమైన లోపాలు తప్పవు. ఏ యూనిట్‌లో లోపం పడిందో దాన్ని మూసేసి మిగతావాటితో నడిపిస్తే చిప్ పనికొస్తుంది. నలభైకి నలభై బాగుండాలని పట్టుబడితే చెత్తబుట్టలోకి పోయేవి పెరుగుతాయి, మిగిలిన ప్రతి చిప్ ధరా పెరుగుతుంది. కోట్ల సంఖ్యలో అమ్మాల్సిన కన్సోల్‌కు ఆ ఖర్చు భరించరానిది. కాబట్టి చిప్‌లో ఉన్న యూనిట్లన్నీ వాడేస్తారని చెప్పే పుకారు కనబడితే నేను మొదటి చూపులోనే పక్కన పెడతాను.

గడియారం సంగతి వేరు. అది మాస్కులో ఉండదు. చిప్‌లు ఫ్యాక్టరీ నుంచి వచ్చాక వాటిని వేడిచేసి, చల్లార్చి, వోల్టేజి పెంచి తగ్గించి, ఎన్ని చిప్‌లు ఎంత వేగాన్ని తట్టుకుంటాయో లెక్కగట్టి చివర్లో నిర్ణయిస్తారు. ఎక్స్‌బాక్స్ వన్ దీనికి సాక్ష్యం. 2013 ఆగస్టులో, అంటే విడుదలకు మూడు నెలల ముందు, మైక్రోసాఫ్ట్ దాని గ్రాఫిక్స్ వేగాన్ని 800 నుంచి 853 మెగాహెర్ట్జ్‌కు పెంచింది. ఆ మరుసటి నెల ప్రాసెసర్ వేగం 1.6 నుంచి 1.75 గిగాహెర్ట్జ్ అయింది. అంతవరకూ 1.23 టెరాఫ్లాప్‌లని తిరిగిన అంకె ఒక్కసారిగా 1.31 అయింది. ముందు చెప్పినవాళ్లు అబద్ధమాడలేదు. వాళ్లు చెప్పిన రోజున అది నిజమే.

వేగం పెంచడానికి చెల్లించాల్సిన మూల్యం కూడా చెప్పుకోవాలి. చిప్ తినే విద్యుత్తు గడియారం వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజి వర్గంతో పాటు పెరుగుతుంది. వేగం పెంచాలంటే సాధారణంగా వోల్టేజీ పెంచక తప్పదు. ఆ ఎత్తుల్లో వేగం కొంచెం పెరిగితే ఖర్చు దాదాపు దాని ఘనంతో పాటు పోతుంది. దీన్నే తిప్పి చూడండి: వేగాన్ని 3 శాతం తగ్గిస్తే 0.97ను మూడుసార్లు గుణించాలి, వచ్చేది 0.91. అంటే విద్యుత్తు 9 శాతం ఆదా. సెర్నీ ఉపన్యాసంలో చెప్పిందీ ఇదే. విద్యుత్తు 10 శాతం తగ్గాలంటే వేగం రెండు మూడు శాతం తగ్గితే చాలు. అందుకే ప్లేస్టేషన్ 5లో విద్యుత్తుకు హద్దు గీసి, ఆ హద్దు లోపల గడియారాన్ని అటూ ఇటూ కదలనిచ్చారు. యూనిట్ల సంఖ్య తగ్గించి వేగం పెంచడానికి ఆయన చెప్పిన కారణం కూడా బలమైనదే. 36 యూనిట్లను 1 గిగాహెర్ట్జ్ మీద నడిపినా, 48 యూనిట్లను 0.75 మీద నడిపినా వచ్చేది 4.6 టెరాఫ్లాప్‌లే. కానీ గడియారం వేగంగా ఉంటే లెక్కలు చేసే వరుసలే కాదు, గ్రాఫిక్స్ చిప్‌లోని మిగతా భాగాలు కూడా వేగం పుంజుకుంటాయి. పైగా 36 యూనిట్లకు ఖాళీ లేకుండా పని పంచడం 48 యూనిట్లకు పంచడం కంటే తేలిక.

ఇక్కడ ఇంకో వదంతి పుట్టింది. మైక్రోసాఫ్ట్ 12 అనగానే సోనీ కంగారుపడి చివరి నిమిషంలో వేగం పెంచిందని. నేను ఇది నమ్మను. 2020 అక్టోబరు 7న సోనీ తన యంత్రాన్ని విప్పి చూపించింది. చిప్‌కూ చల్లబరిచే లోహానికీ మధ్య మామూలు పేస్టు కాక ద్రవలోహం వాడామనీ, దాని తయారీ ఏర్పాట్లకు రెండేళ్ల పైచిలుకు పట్టిందనీ ఇంజినీరు యసుహిరో ఓటోరి చెప్పాడు. ద్రవలోహం విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, ఒలికితే బోర్డు పాడవుతుంది. అలాంటి పదార్థాన్ని కోట్ల యంత్రాల్లో వాడడానికి రెండేళ్ల ముందే సిద్ధపడ్డారంటే, అధిక వేగం మొదటి నుంచీ అనుకున్నదే.

మెమరీ చెప్పే కథ

మెమరీ పరిమాణం సగం గట్టిది, సగం మెత్తనిది. దారుల వెడల్పు చిప్‌లో చెక్కి ఉంటుంది. ఆ దారుల చివర ఎంత పెద్ద మెమరీ చిప్‌లు పెట్టాలన్నది మాత్రం తర్వాత తేల్చుకోవచ్చు. 2013 జనవరిలో ప్లేస్టేషన్ 4 గురించి బయటికొచ్చిన పట్టికలో మెమరీ 4 జీబీ అని ఉంది. ఫిబ్రవరి 20న న్యూయార్క్‌లో సోనీ 8 జీబీ అని ప్రకటించింది. లీకు తప్పా? కాదు. 256 బిట్ల దారి మారలేదు, సెకనుకు 176 జీబీ వేగం మారలేదు, 32 బిట్లకు రెండు చొప్పున చిప్‌లు పదహారే. ఒక్కోటీ 256 ఎంబీ నుంచి 512 ఎంబీకి పెరిగింది. చెక్కినది చెక్కినట్టే ఉంది, పెట్టినది మారింది.

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ పట్టికను మొదటిసారి చూసినవాళ్లు తికమకపడ్డారు. 16 జీబీ మెమరీలో 10 జీబీకి సెకనుకు 560 జీబీ వేగమట, మిగతా 6 జీబీకి 336 జీబీ వేగమట. ఒకే యంత్రంలో రెండు వేగాలేమిటి? ఓసారి లెక్కవేద్దాం. మామూలుగా ఒక్కో మెమరీ చిప్‌కు 32 బిట్ల దారి కావాలి. సిరీస్ ఎక్స్‌లో మొత్తం దారి 320 బిట్లు, కాబట్టి చిప్‌లు పది. పది చిప్‌లతో 16 జీబీ రావాలంటే నాలుగు 1 జీబీవి, ఆరు 2 జీబీవి పెట్టాలి. ప్రతి చిప్ నుంచీ మొదటి 1 జీబీని కలిపితే 10 జీబీ, దాన్ని పది దారుల్లోనూ ఒకేసారి అందుకోవచ్చు. ఒక్కో బిట్ దారిలో సెకనుకు 14 గిగాబిట్లు పోతాయి కనుక 320 ఇంటూ 14 బై 8, అంటే 560. మిగిలిన 6 జీబీ ఆరు పెద్ద చిప్‌లలోనే ఉంది. ఆరు దారులు, 192 బిట్లు. 192 ఇంటూ 14 బై 8, అంటే 336. వింతగా కనబడిన రెండు అంకెలూ ఒకే లెక్కలోంచి వచ్చాయి. ప్లేస్టేషన్ 5లో దారి 256 బిట్లు, చిప్‌లు ఎనిమిది, ఒక్కోటీ 2 జీబీ, వేగం 448. అదీ సరిపోతుంది.

ప్లేస్టేషన్ 5 నిల్వ పరికరం 825 జీబీ. ఇంత వింత సంఖ్య ఎవరైనా పుకారుగా చెప్పి ఉంటే నవ్వేవాళ్లు. 500, 1,000 అని గుండ్రంగా ఉండాలి కదా అనేవాళ్లు. కానీ సోనీ తన నియంత్రక చిప్‌కు 12 దారులు పెట్టింది. దారికి 64 చొప్పున 12 దారులకు 768. కంప్యూటర్ లెక్కలోని ఆ 768ని, వెయ్యిని ప్రమాణంగా తీసుకునే అంగడి లెక్కలోకి మారిస్తే సుమారు 825. వింత అంకెలు తప్పు అంకెలు కానక్కర్లేదు. నన్నడిగితే, మరీ గుండ్రంగా ఉన్న అంకెలనే ఎక్కువ అనుమానించాలి.

ఆ నిల్వ పరికరమే ఈ మొత్తం వ్యవహారంలో అసలు విషయం. సెర్నీ ఏమీ దాచలేదు. 2019 ఏప్రిల్‌లోనే వైర్డ్ పత్రికకు స్పైడర్‌మ్యాన్ ఆట చూపించాడు. నగరంలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లడానికి ప్లేస్టేషన్ 4 ప్రోలో 15 సెకన్లు పట్టేది, కొత్త నమూనా యంత్రంలో 0.8 సెకను పట్టింది. ప్లేస్టేషన్ 4లో 1 జీబీ సమాచారం లోపలికి రావడానికి దాదాపు 20 సెకన్లు. ప్లేస్టేషన్ 5లో 2 జీబీకి 0.27 సెకను. తరానికీ తరానికీ మధ్య గ్రాఫిక్స్ ఐదారు రెట్లు పెరిగితే, నిల్వ వేగం వంద రెట్ల చుట్టుపక్కల పెరిగింది. సెకనుకు 5.5 జీబీ చదివే ఆ పరికరం, వేగంలో రెండింతలకు పైగా వెనకబడిన 2.4 జీబీ ఎక్స్‌బాక్స్, ఈ తేడా ఇంత పెద్దదైనా ఉపన్యాసానికి ముందు ఏడాదంతా చర్చ ఎక్కువగా టెరాఫ్లాప్‌ల మీదే నడిచింది. ఎందుకంటే లీకైన ఫైళ్లు గ్రాఫిక్స్ పరీక్షలవి. వెలుతురు ఎక్కడ పడిందో అందరూ అక్కడే వెతికారు.

12.15కూ 10.28కీ తేడా 18 శాతం. యంత్రాలు ఇళ్లకు చేరాక రెంటిలోనూ వచ్చిన ఆటలను పక్కపక్కన పెట్టి కొలిచారు. 2020 చివర్లో అసాసిన్స్ క్రీడ్ వల్హల్లా వంటి ఆటలు కాగితం మీద తక్కువ అంకె ఉన్న ప్లేస్టేషన్ 5లోనే నిలకడగా నడిచాయి. ఏడాదిపాటు స్నేహాలు చెడగొట్టుకునేంతగా కొట్లాడిన అంకె, తెర మీద అంతగా కనబడలేదు.

లేనిదాన్ని పట్టుకోవడం ఎలా

కొన్ని పుకార్లను లెక్కతో సులువుగా చంపవచ్చు. ఎక్స్‌బాక్స్ వన్ వచ్చిన కొత్తలో దానిలో రెండో గ్రాఫిక్స్ చిప్ రహస్యంగా దాగి ఉందనీ, మైక్రోసాఫ్ట్ ఒకరోజు దాన్ని మేల్కొలుపుతుందనీ గట్టి ప్రచారం జరిగింది. చిప్‌ను పొరలు ఒలిచి ఫొటో తీసిన చిప్‌వర్క్స్ సంస్థ చిత్రాల్లో 363 చదరపు మిల్లీమీటర్ల సిలికాన్, 14 యూనిట్లు కనబడ్డాయి తప్ప ఇంకేమీ లేదు. కింద ఇంకో పొర ఉందని నమ్మినవాళ్లు సర్దిచెప్పారు. అయినా ఆ రెండో పొర పనిచేయాలంటే కరెంటు కావాలి, పుట్టిన వేడి బయటికి పోవాలి. ఆట నడుస్తున్నప్పుడు ఆ యంత్రం గోడ నుంచి తీసుకున్నది 120 వాట్ల లోపే. ఉన్న చిప్‌కే ఆ విద్యుత్తు ఖర్చయిపోతుంది. చిప్‌ను దాచవచ్చు గానీ అది తినే కరెంటును దాచలేరు.

నింటెండో స్విచ్ 2 దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ. 2022 ఫిబ్రవరిలో ఎన్విడియా కంప్యూటర్లలోకి దొంగలు చొరబడి చాలా ఫైళ్లు బయటపెట్టారు. వాటిలో నింటెండో కొత్త యంత్రానికి సంబంధించిన గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ జాడలున్నాయి. టీ239 అనే చిప్, 1,536 లెక్కల వరుసలు. దొంగసొత్తు అని వదిలేద్దామన్నా, అదే ఏడాది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌కు ఎన్విడియా పంపిన సవరణలోనే టెగ్రా239 పేరు, ఒకే గుంపులో ఎనిమిది ప్రాసెసర్ కోర్లు అన్న వివరం అందరికీ కనబడేలా ఉంది. 2024లో సరుకు రవాణా రికార్డుల్లో 12 జీబీ మెమరీ, 256 జీబీ నిల్వ బయటపడ్డాయి. యంత్రం 2025 జూన్ 5న వచ్చింది. ఎనిమిది కోర్లు, 1,536 వరుసలు, 12 జీబీ, 256 జీబీ, అన్నీ నిజమే. మూడేళ్లపాటు ఎవరికీ తేలనిదల్లా గడియారమే. అది టీవీకి తగిలించినప్పుడు 1,007 మెగాహెర్ట్జ్, చేతిలో పట్టుకున్నప్పుడు 561. చెక్కినవి ముందే తెలిశాయి, మార్చగలిగినవి చివరిదాకా తెలియలేదు. ఓబెరాన్ కథే ఇక్కడా జరిగింది.

కంపెనీ స్వయంగా చెప్పినదైనా కొన్నిసార్లు పుకారుతో సమానమేనని గుర్తుంచుకోవాలి. 2005 మేలో లాస్‌ఏంజెలెస్‌లో సోనీ ప్లేస్టేషన్ 3కి రెండు హెచ్‌డీఎంఐ పోర్టులు, మూడు నెట్‌వర్క్ పోర్టులు, 2 టెరాఫ్లాప్‌లు అని ప్రకటించింది. 2006 నవంబరులో అమ్మకానికి వచ్చిన యంత్రంలో హెచ్‌డీఎంఐ ఒకటి, నెట్‌వర్క్ పోర్టు ఒకటి. ఆ 2 టెరాఫ్లాప్‌లు లెక్కగట్టిన పద్ధతి, మనం పైన చేసిన గుణకారం ఒకటి కాదు. మన పద్ధతిలో లెక్కిస్తే ఏడేళ్ల తర్వాత వచ్చిన ప్లేస్టేషన్ 4కే 1.84 వస్తుంది.

ఇప్పుడు ప్లేస్టేషన్ 6 వంతు. 2025 అక్టోబరులో సోనీ, ఏఎమ్‌డీ కలిసి మూడు సాంకేతికతల పేర్లు చెప్పాయి: న్యూరల్ అరేస్, రేడియన్స్ కోర్స్, యూనివర్సల్ కంప్రెషన్. అవి ఇంకా కంప్యూటర్ అనుకరణల్లోనే ఉన్నాయనీ, కొన్నేళ్లలో రాబోయే కన్సోల్‌లోకి తెస్తామనీ సెర్నీ చెప్పాడు. యూనిట్ల సంఖ్య చెప్పలేదు, వేగం చెప్పలేదు, మెమరీ చెప్పలేదు. పుకార్ల పట్టికలు మాత్రం అప్పటికే తిరుగుతున్నాయి. వాటిలో ఒకటి 160 బిట్ల దారి, బిట్‌కు 32 గిగాబిట్ల వేగం, సెకనుకు 640 జీబీ, మొత్తం 30 జీబీ మెమరీ అంటోంది. 160ని 32తో భాగిస్తే 5 దారులు. దారికి రెండు చొప్పున పది చిప్‌లు, ఒక్కోటీ 3 జీబీ, మొత్తం 30. 160 ఇంటూ 32 బై 8, అంటే 640. లెక్క కుదిరింది. అయితే కుదిరినంత మాత్రాన నిజమని కాదు, ఎందుకంటే ఈ లెక్క తెలిసినవాడు ఇంట్లో కూర్చుని కూడా ఇలాంటి పట్టిక రాయగలడు. కుదరకపోతే మాత్రం అబద్ధమని అక్కడికక్కడే తేల్చెయ్యవచ్చు. ఆ పట్టికలో మెమరీ పరిమాణాన్ని నేను అన్నిటికంటే మెత్తటి గడిగా చూస్తాను. 2025 చివరి నుంచి కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీతో మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి. ఈ రోజు 30 అనుకున్నది రేపు తగ్గవచ్చు, ప్లేస్టేషన్ 4కు జరిగినట్టు పెరగనూవచ్చు.

2021 ఫిబ్రవరి 2న ప్లేస్టేషన్ 5 మన దేశంలో 49,990 రూపాయలకు అమ్మకానికి వచ్చింది. అది చాలా ఇళ్లలో రెండు మూడు నెలల ఖర్చుకు సమానం. పాతది కొనాలా, కొత్తదాని కోసం ఆగాలా అని పిల్లలూ పెద్దలూ లెక్కలు వేసుకునేది ఇలాంటి పట్టికలు చూసే. కాబట్టి ఈసారి మీ ఫోనుకు అలాంటిదొకటి వస్తే, ఇంకొకరికి పంపే ముందు కాగితం తీసుకోండి. మెమరీ దారిని 32తో భాగించి, వచ్చినదానితో గానీ దాని రెట్టింపుతో గానీ చిప్‌ల సంఖ్య కుదిరిందో లేదో చూడండి. ఏఎమ్‌డీ చిప్ అయితే యూనిట్లను 64తో, 2తో, వేగంతో గుణించి టెరాఫ్లాప్‌లు సరిపోయాయో లేదో చూడండి. రెండూ కుదిరితే యూనిట్ల గడిని పెన్నుతో రాసుకోండి, వేగాన్నీ మెమరీనీ పెన్సిలుతో రాసుకోండి. డబ్బు మాత్రం యంత్రం అంగట్లోకి వచ్చాకే తీయండి.